కూలోళ్ళ కంచానికి కరువు భత్యం ఏదీ?



ధరలు పెరిగినయని ఇవ్వాళ అందరూ అంటున్నారు. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళు అంటున్నారు. వందెకరాల ఆసామి అంటున్నాడు. పప్పు బస్తాలు గోదాములో దాచిన షావుకారు కూడా అంటున్నాడు. అందరి నోటా ఒకే మాట వస్తున్నది గనుక అందరి బాధా ఒకటేనని పత్రికలు, టీవీలు మనకు చెప్తున్నాయి. ఇది అబద్ధం. జీతం ఉన్నవాడికి ధర పెరిగితే నెలాఖరుకు మిగిలేది తగ్గుతుంది. సరుకు ఉన్నవాడికి ధర పెరిగితే లాభం పెరుగుతుంది. రెక్కలు తప్ప ఇంకేమీ లేనివాడికి ధర పెరిగితే కంచంలో కూర తగ్గుతుంది. ఈ ముగ్గురినీ ఒక గాటన కట్టి ‘సామాన్యుడి కష్టాలు’ అని పేరు పెట్టడం మన కష్టాన్ని మాయం చేయడానికే. కాబట్టి ధరల సంగతి మన వాడ వైపు నుంచి, మన బస్తీ వైపు నుంచి మాట్లాడుకుందాం.

ఒకే రైలు పట్టా, రెండు చివర్లు

మేం ఉండేది హైదరాబాద్ పాతబస్తీలోని దబీర్‌పురా. పాత నగరం చుట్టూ గోడ ఉన్న కాలంలో పదమూడు దర్వాజాలు ఉండేవి. నేటికీ నిలబడి ఉన్న వాటిలో దబీర్‌పురా దర్వాజా ఒకటి. కాచిగూడ నుంచి మహబూబ్‌నగర్ పోయే రైలు పట్టా మా మీదుగానే పోతుంది. మలక్‌పేట, దబీర్‌పురా, యాకుత్‌పురా, ఉప్పుగూడ, ఫలక్‌నుమా, తర్వాత షాద్‌నగర్, జడ్చర్ల, మహబూబ్‌నగర్. ఆ చివర పొలంలో కలుపు తీసే చేతులు మనవే. ఈ చివర మలక్‌పేట గంజులో ఉల్లిగడ్డ బస్తాలు మోసే వీపులూ మనవే. పాలమూరు కూలి అంటే దేశమంతా డ్యాములు కట్టినవాడు, కాల్వలు తవ్వినవాడు. అదే కూలి పొద్దున్నే అడ్డా మీద నిలబడి ‘ఇయ్యాల పని దొరుకుతదా’ అని చూస్తున్నాడు. పక్క గల్లీలో జర్దోజీ పని చేసే, గాజులకు రాళ్ళు అతికే ముస్లిం ఆడబిడ్డలు ముక్కకు ఇంతని కూలి తీసుకుంటున్నారు. మండీకి పోతే ఇద్దరికీ ఒకటే ధర. టమాట ధర చెప్పేవాడు మతం అడగడు.

‘పట్నంలో ధరలు ఎక్కువ, పల్లెలో ఏముంది, అన్నీ ఇంటి ముంగటనే పండుతయ్’ అనేవాళ్ళు ఉన్నారు. ఇది భూమి ఉన్నవాడి మాట. భూమి లేని దళితుడు ఊళ్ళో ఉన్నా బియ్యం కొనాలె, పప్పు కొనాలె, ఉల్లిగడ్డ కొనాలె, ఆఖరుకు తాను కోసిన మిరపకాయను కారంపొడిగా కొనాలె. పైగా ఊరి కిరాణంలో ఉద్దెర ఖాతా. ఉద్దెరకు తెచ్చుకునేవాడు ధర అడగలేడు, తూకం అడగలేడు.

ప్రభుత్వం తన సొంత సర్వేలో ఏం తేల్చిందో చూడండి. 2022-23లో చేసిన గృహ వినియోగ ఖర్చుల సర్వే ప్రకారం దేశంలో ఊళ్ళల్లో ఒక మనిషి నెల ఖర్చు సగటున 3,773 రూపాయలు. దళితులది 3,474. పట్నాల్లో సగటు 6,459. దళితులది 5,307. అంటే పట్నానికి వస్తే కులం పోతుందని చెప్పే పెద్దమనుషులకు జవాబు ఆ లెక్కలోనే ఉంది. ఊళ్ళో తేడా నెలకు 299 రూపాయలు ఉంటే పట్నంలో 1,152 అయింది. దళితుడు తక్కువ ఖర్చు చేస్తున్నాడంటే పొదుపు చేస్తున్నాడని కాదు, తక్కువ తింటున్నాడని, తక్కువ వైద్యం చేయించుకుంటున్నాడని.

పెరిగినా మనకే దెబ్బ, పడిపోయినా మనకే దెబ్బ

ధరల మీద చర్చ వచ్చినప్పుడల్లా రైతు ఒక పక్క, వినియోగదారుడు ఒక పక్క అని బల్ల వేస్తారు. రైతుకు గిట్టుబాటు ధర కావాలె, వినియోగదారుడికి చౌకగా కావాలె అంటారు. ఆ బల్ల దగ్గర కూలోడికి కుర్చీ లేదు. కూలోడు ఈ రెండిట్లోనూ ఉన్నాడు, రెండిట్లోనూ నష్టపోతున్నాడు.

కందుల సంగతి చూడండి. 2015లో కందిపప్పు కిలో 200 రూపాయల దాకా పోయింది. మన ఇండ్లల్లో పప్పు నీళ్ళయింది. ధర చూసి మరుసటి ఏడు అందరూ కంది వేశారు. పంట బాగా పండింది. ఇంకోపక్క కేంద్రం 2016లో మొజాంబిక్ నుంచి పప్పుధాన్యాలు తెచ్చుకునే ఒప్పందం చేసుకుంది. 2016-17లో క్వింటాలు కందులకు మద్దతు ధర 5,050 రూపాయలు ప్రకటించారు గాని, 2017 మొదట్లో మార్కెట్టుకు తెచ్చిన రైతుకు అది కూడా దక్కలేదు. ధర ఎక్కినప్పుడు లాభం చేసుకున్నవాడు పండించినవాడు కాదు, దాచినవాడు. ధర దిగినప్పుడు చౌకగా తిన్నది కూలోడు కాదు, చౌకగా కొని మళ్ళీ దాచినవాడు.

ఉల్లిగడ్డ సంగతీ అంతే. 2019 డిసెంబరులో కిలో నూరు దాటింది. రైతుబజార్ల ముందు బారులు తీరినం. 2025 ఆగస్టు, సెప్టెంబరులో కర్నూలు రైతుకు గడ్డ పీకిన ఖర్చు కూడా రాలేదు. క్వింటాలుకు 1,200 రూపాయలిచ్చి కొంటామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించాల్సి వచ్చింది. ధర పడిపోతే ఆసామి పంటను పీకించకుండా వదిలేస్తాడు, గొర్రెలను తోలుతాడు. అప్పుడు గడ్డలు పీకి, కోసి, బస్తాలకెత్తే ఆడవాళ్ళకు పది రోజుల పని పోతుంది. రైతు నష్టానికి పరిహారం అడగడానికి సంఘాలు ఉన్నాయి. అది న్యాయమే, అడగాల్సిందే. కాని పోయిన ఆ పది రోజుల కూలికి పరిహారం అనే మాట ఏ జీవోలోనైనా చూశారా? ధర ఎక్కితే కొనలేం, ధర దిగితే పని లేదు.

వెనుకట జీతగాడికి కూలి గింజల్లో కొలిచేవాళ్ళు. అది వెట్టి, ఆ వెట్టిని మనం తిరిగి కోరం. కాని జొన్నలు కొలిచినప్పుడు జొన్నల ధర పెరిగినా ఆ కుంచం కుంచమే. ఇప్పుడు కూలి రూపాయల్లో ఇస్తున్నారు. రూపాయి ఏడాదికేడాది చిక్కిపోతుంది. పొలాల్లో జొన్న పోయి పత్తి వచ్చింది. మన పెద్దలు తిన్న జొన్న, సజ్జ, కొర్రలను ‘కూటికి లేనోళ్ళ తిండి’ అని ఎక్కిరించినవాళ్ళే నేడు ఆరోగ్యం పేరు చెప్పి సూపర్‌మార్కెట్లో కొనుక్కుంటున్నారు. 2023ను చిరుధాన్యాల సంవత్సరమన్నారు, ‘శ్రీ అన్న’ అని పేరు పెట్టారు. పేరు పెద్దదైంది, ధర పెద్దదైంది, మన గిన్నెలోంచి అంబలి పోయింది.

ధరకూ కులం ఉంది

మార్కెట్టుకు కులం లేదని చదువుకున్నవాళ్ళు చెప్తుంటారు. రైస్‌మిల్లు మనదా? అడితి దుకాణం మనదా? గోదాము మనదా? ఊళ్ళో మన చేతి టీ తాగరు, మనం హోటలు పెడితే ఎక్కరు. కొన్ని ఊళ్ళల్లో మనకు వేరే గ్లాసు పెట్టిన రోజులు మన పిల్లలు కూడా చూసినవే. అమ్మేచోట కూచోనివ్వకుండా కులం అడ్డం పడితే ఇక మిగిలింది కొనేచోట నిలబడటమే. తరతరాలుగా మనల్ని కొనేవాళ్ళుగానే ఉంచింది కులమే. ధర పెరిగిన ప్రతిసారీ ఇచ్చేది మన చెయ్యే, పుచ్చుకునే చెయ్యి మనది కాదు.

ఇంకా చెప్పాలంటే, మనం తలెత్తినప్పుడు వాళ్ళు మొదట మూసేది దుకాణం తలుపే. 1991 ఆగస్టు 6న చుండూరులో దళితుల్ని నరికి చంపడానికి ముందు సాంఘిక బహిష్కారం పెట్టారు, పనుల్లోకి పిలవలేదు. ఉప్పు అమ్మవద్దు, పాలు పోయవద్దు, ఆటో ఎక్కించుకోవద్దు అని దండోరా వేసిన ఊళ్ళు ఆ తర్వాతా ఉన్నాయి. డబ్బు చేతిలో ఉన్నా ఉప్పు దొరకని మనిషికి ఉప్పు ధర ఎంతో ఏ సూచిక చెప్తుంది? 1989 అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించి సాంఘిక, ఆర్థిక బహిష్కారాన్ని నేరంగా చేర్చారు. 2016 జనవరి 26 నుంచి అది అమల్లో ఉంది. ఆ సెక్షను పోలీస్‌స్టేషనులో గుర్తుచేయాల్సింది మనమే.

పెద్ద బస్తాకు పన్ను లేదు, చిన్న పొట్లానికి ఉంది

‘మేం పన్నులు కడితే వీళ్ళు ఉచితాలు తింటున్నారు’ అని రైల్లో, బస్సులో, స్టాఫ్ రూముల్లో కూడా వింటున్నాం. ఈ మాటకు లెక్కతో జవాబు చెప్దాం.

2022 జులై 18 నుంచి ప్యాక్ చేసి లేబులు వేసిన బియ్యం, పప్పు, పిండి మీద కేంద్రం 5 శాతం జీఎస్టీ వేసింది. అయితే 25 కిలోలకు మించిన బస్తాకు ఈ పన్ను లేదు. విడిగా తూకం వేసి అమ్మినా లేదు. చేతిలో డబ్బుండి 26 కిలోల బస్తా ఒకేసారి కొనేవాడు పన్ను కట్టడు. రోజు కూలి పట్టుకుని సాయంత్రం కిలో ప్యాకెట్టు కొనేది పన్ను కడుతుంది. సబ్బు, తలనూనె, పళ్ళపేస్టు మీద 2017 జులై నుంచి 18 శాతం వసూలు చేసి, 2025 సెప్టెంబరు 22న 5కు తగ్గించి పండుగ చేసుకోమన్నారు. ఎనిమిదేళ్ళు మన ఒంటి సబ్బు మీద గుంజిన పన్ను ఎవరిది? అదే 2019 సెప్టెంబరులో కంపెనీల పన్నును 30 నుంచి 22 శాతానికి దించారు. దానివల్ల ఖజానాకు ఏడాదికి 1 లక్షా 45 వేల కోట్లు తగ్గుతుందని ఆర్థికమంత్రే ప్రకటించారు. దాన్ని ఎవరూ ఉచితం అనలేదు, ప్రోత్సాహకం అన్నారు. ఆరు కిలోల బియ్యాన్ని మాత్రం ఉచితం అంటారు. 2022లో ప్రధాని నోట ‘రేవడీ’ అనే మాట కూడా విన్నాం.

ఆ బియ్యం చరిత్ర మనం మర్చిపోవద్దు. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు ఇచ్చింది. సంస్కరణలు, ప్రపంచబ్యాంకు మాటలు వచ్చిన కాలంలో, 1996లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని మూడున్నర చేసింది. 2008లో మళ్ళీ రెండు రూపాయలైంది, 2011లో రూపాయి అయింది. 2025 ఉగాది నుంచి తెలంగాణలో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. మంచిదే, ఇది ఎవరి దయా కాదు, ఓటుతో మనం సాధించుకున్నది. కాని కాయకష్టం చేసేవాడికి ఆరు కిలోలు సగం నెలకు వస్తాయి. మిగతా సగం? బియ్యంలోకి పప్పు? నూనె? 2013 ఉగాదికి ఉమ్మడి రాష్ట్రంలో ‘అమ్మహస్తం’ అని కందిపప్పు, పామాయిలు, చింతపండు, కారం, పసుపు, ఉప్పు, చక్కెర, గోధుమలు, గోధుమపిండి, ఈ తొమ్మిది సరుకులు 185 రూపాయలకు పెట్టారు. 2014 తర్వాత అది మాయమైంది. దేన్నైతే మార్కెట్టు ఎక్కువ పెంచుతుందో దాన్నే రేషను దుకాణంలోంచి తీసేశారు.

పాతబడ్డ బుట్టతో కూలి కొలిచారు

ధరల పెరుగుదలను కొలవడానికి ప్రభుత్వం దగ్గర ఒక బుట్ట ఉంటుంది. మనిషి దేనికెంత ఖర్చు పెడతాడో అందులో రాసుకుని, దాని ధర ఎంత పెరిగిందో చూసి సూచిక వేస్తుంది. ఉపాధి హామీ కూలిని ఏటా సవరించడానికి వాడిన వ్యవసాయ కూలీల సూచికకు ఆధార సంవత్సరం 1986-87. అందులోని బుట్ట 1983 నాటి సర్వేది. అంటే రెండు రూపాయల బియ్యం వచ్చిన ఏడాది కూలోడు ఏం కొన్నాడో ఆ లెక్కే 2025లో కొత్త సూచిక వచ్చేదాకా నడిచింది. నలభై ఏళ్ళ కింద ఫోను లేదు, రీచార్జి లేదు, ప్రైవేటు బడి ఫీజు లేదు, ప్రైవేటు ఆస్పత్రిలో స్కానింగు లేదు. ఇవాళ కూలోడి జేబు ఖాళీ చేసేవి అవే. ఆ బుట్టలో వాటి బరువు లేనట్టే ఉంటే కూలి ఎట్లా పెరుగుతుంది?

అందుకే 2024-25లో తెలంగాణలో రోజుకు 300 ఉన్న ఉపాధి కూలి 2025-26లో 307 అయింది. ఏడు రూపాయలు. ఏడాదంతా ఎండలో తవ్వినందుకు పెంచింది రోజుకు ఒక కోడిగుడ్డు. అదీ చాలదన్నట్టు 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో మరో చట్టం చేసింది. రోజులు వంద నుంచి 125 అన్నారు గాని ఖర్చులో 40 పాళ్ళు రాష్ట్రాల నెత్తిన పెట్టారు. నాట్లు, కోతల కాలంలో అరవై రోజులు పనులు ఆపమన్నారు. ఆ అరవై రోజులు ఎందుకో ఊళ్ళో చిన్నపిల్లవాడిని అడిగినా చెప్తాడు. సర్కారు పని ఉంటే ఆసామి దగ్గర ‘ఇంతిస్తేనే వస్తం’ అని అడగవచ్చు. పని మూసేస్తే ఆసామి ఇచ్చిందే కూలి.

ఇక బడిపిల్లల కంచం

మేం బడిలో పాఠాలు చెప్పేవాళ్ళం. మాలాంటి ఉద్యోగికి ధరలు పెరిగితే కరువు భత్యం ఉంది. జనవరిలో ఒకసారి, జులైలో ఒకసారి లెక్క కడతారు. ఆలస్యమైతే సంఘాలు కొట్లాడతాయి, బకాయిలతో సహా అడుగుతాయి. ఇది మా హక్కు, వదులుకోమని అనడం లేదు. అడిగేది ఒక్కటే. మేస్త్రీకి, హమాలీకి, కలుపు తీసే తల్లికి, హాస్టలు పిల్లకు ఈ భత్యం ఎందుకు లేదు? ధర మాకు ఆర్నెల్లకోసారి పెరిగి వాళ్ళకు ఏడేళ్ళకోసారి పెరుగుతుందా?

ఏడేళ్ళు అని ఊరికే అనడం లేదు. తెలంగాణ సంక్షేమ హాస్టళ్ళల్లో మెస్ చార్జీలు ఏడేళ్ళు కదలకుండా ఉండి 2024 నవంబరులో పెరిగాయి. ఏడో తరగతి దాకా నెలకు 950 నుంచి 1,330, పదో తరగతి దాకా 1,100 నుంచి 1,540, ఆపైన 1,500 నుంచి 2,100 చేశారు. పెంచినందుకు సంతోషం. కాని 950ని ముప్పై రోజులకు పంచండి. రోజుకు 31 రూపాయల 67 పైసలు. పొద్దున టిఫిను, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం అన్నీ అందులోనే. కందిపప్పు ఎక్కినా, నూనె ఎక్కినా, టమాట నూరు దాటినా ఆ 31 రూపాయలే. ఆ ఏడేళ్ళల్లో ఆరో తరగతిలో చేరిన పిల్లవాడు ఇంటరు పూర్తి చేసి వెళ్ళిపోయాడు. వాడు ఎదిగే వయసులో తినని పప్పును ఏ బకాయి కింద చెల్లిస్తారు? ఆడపిల్లకు సబ్బు, నూనె ఖర్చులకు నెలకు 55 రూపాయలు పదహారేళ్ళు అట్లనే ఉంచి, అప్పుడు 175 చేశారు.

మధ్యాహ్న భోజనం లెక్క ఇంకా చిన్నది. ప్రాథమిక బడి పిల్లకు కేంద్రం కట్టిన వంట ఖర్చు 2022 అక్టోబరు నుంచి 5 రూపాయల 45 పైసలు. 2024 డిసెంబరులో 6.19, 2025 మేలో 6.78. పిల్లకు 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె పెట్టాలని రూలు. పప్పు కిలో 120, కూరగాయలు 40, నూనె 140 అనుకుని మీరే వేసుకోండి. పప్పుకు 2.40, కూరగాయలకు 2.00, నూనెకు 0.70. మొత్తం 5.10. మిగిలిన రూపాయి అరవై ఎనిమిది పైసల్లో ఉప్పు, కారం, పసుపు, చింతపండు, తాలింపు, గ్యాసు. 2023 జులై, ఆగస్టుల్లో టమాట కిలో నూరు దాటినప్పుడు 50 గ్రాములకే ఐదు రూపాయలు పోయింది. 5.45లో మిగిలింది 45 పైసలు. ఆ 45 పైసల్లో పప్పు ఎక్కడిది? ఊరి బడుల్లో ఆ లోటు పూడ్చింది వంట చేసే అక్క. కిరాణంలో తన పేరు మీద ఉద్దెర రాయించి వండింది. ఆమెకు కేంద్రం కట్టిన గౌరవ వేతనం నెలకు వెయ్యి, అదీ పది నెలలే. 2009లో పెట్టిన ఆ అంకెను 2025 దాకా కేంద్రం కదిలించలేదు. తెలంగాణ తన వంతు కలిపి 3,000 చేసింది. సర్కారు బడిని ఇవాళ నడుపుతున్నది చాలా ఊళ్ళల్లో ఈ అక్క ఉద్దెరే.

అంబేడ్కర్ ఎప్పుడో చెప్పిన సంగతి

బాబాసాహెబ్ అంటే రాజ్యాంగం ఒక్కటే అనుకునేవాళ్ళున్నారు. ఆయన 1923లో రూపాయి సమస్య మీద గ్రంథం రాసిన ఆర్థికవేత్త. రూపాయి విలువను తగ్గించి ధరలు పెంచితే దేశానికి లాభమని వ్యాపారులు వాదించిన కాలమది. ఆ లాభం ఆకాశం నుంచి ఊడిపడదని, కూలితో బతికేవాడి జేబులోంచి వ్యాపారి జేబులోకి పోతుందని ఆయన వాదన. ధరలు పరుగెత్తి కూలి నడిస్తే, మధ్యలో పడిన తేడా ఎవరికో ఒకరికి లాభం. నూరేళ్ళయినా ఈ ముక్క మన పాలకులకు తెలియక కాదు, ఆ లాభం ఎవరికి పోతుందో తెలుసు గనుకనే మాట్లాడరు.

దారి లేదా అంటే ఉంది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు 1990లలో బీడు పడ్డ భూముల్ని సాగులోకి తెచ్చారు. పండిన జొన్నలు కొంత ఊరి గింజల నిధిలో వేసి, ఊళ్ళో పేదలకు తక్కువ ధరకు కొలిచారు. సర్కారు రేషనుకు పోటీగా ఆడవాళ్ళు సొంత రేషను నడిపారు. భూమి, గింజ, తూకం మూడూ మన చేతికి వస్తే ధర మన మాట వింటుందనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మనం అడగాల్సినవి ఇవి:

1. రేషను దుకాణంలో బియ్యంతో పాటు కందిపప్పు, నూనె, చింతపండు, ఉప్పు, కారం ఇవ్వాలె. ఊరొదిలి వచ్చిన కూలీలకు ఉన్నచోటే ఇవ్వాలె.

2. కనీస వేతనాన్ని ఐదేళ్ళకు మించకుండా సవరించమని 1948 చట్టం చెప్పింది, 2025 నవంబరు 21 నుంచి వచ్చిన వేతనాల కోడూ అదే చెప్తున్నది. ఐదేళ్ళు కాదు, ఉద్యోగికి లాగానే ఆర్నెల్లకోసారి కూలికి కరువు భత్యం కలపాలె.

3. హాస్టలు మెస్ చార్జీలు, మధ్యాహ్న భోజనం వంట ఖర్చు ప్రతి జనవరి, జులైలో వాటంతట అవే పెరిగేట్టు జీవో ఇవ్వాలె. వంట అక్కల బిల్లు నెల దాటకుండా ఇవ్వాలె.

4. 25 కిలోల లోపు తిండిగింజల ప్యాకెట్ల మీద జీఎస్టీ ఎత్తేయాలె.

5. నాట్లు, కోతల కాలంలో ఉపాధి పనులు మూసే నిబంధన తీసేయాలె.

అడగడానికి ముందు మనం చేయాల్సిన పని ఒకటుంది. ప్రతి వాడలో, ప్రతి బస్తీలో అంబేడ్కర్ బొమ్మ దగ్గర ఒక బోర్డు పెట్టండి. ప్రతి నెల ఒకటో తారీఖున పది సరుకుల ధరలు, ఆ నెల మగ కూలి, ఆడ కూలి దాని మీద రాయండి. బడిలో చదివే పిల్లలతో రాయించండి. కూలిని రూపాయల్లో చూడకండి. రోజు కూలికి ఎన్ని కిలోల పప్పు వస్తుందో, ఎన్ని గుడ్లు వస్తాయో రాయండి. ఆర్నెల్లు రాస్తే మీ చేతిలో ఒక కాగితం తయారవుతుంది. ఎమ్మార్వో ముందు, కలెక్టరు ముందు, ఓటు అడగడానికి వచ్చినవాడి ముందు ఆ కాగితం పెట్టండి. ‘ధరలు అందరికీ పెరిగినయ్’ అనేవాడికి అదే జవాబు.

దబీర్‌పురాలో మేం ఈ నెల బోర్డు పెడుతున్నాం. పాలమూరు నుంచి, నల్లగొండ నుంచి మీ ఊరి లెక్కలు పంపండి. పట్టాకు ఆ చివరా, ఈ చివరా పక్కపక్కన పెట్టి అచ్చు వేద్దాం.

జై భీమ్!